నాలుగో దండ

ల్యాబ్ గది, ఫ్యాక్టరీ
మార్చి 2

మామయ్యకు నమస్కారాలు.

మీరు రిటైరై వెళ్ళాక మీ కుర్చీ నాకే వస్తుందనుకున్నాను. కెమెరాకు వచ్చింది. వేళాకోళం కాదు, స్టాండు ఎత్తు చాలలేదని దాన్ని మీ కుర్చీకే బిగించారు. కిటికీ దగ్గర మీరు సోడా గ్లాసు వెలుతురుకెత్తి చూసే చోట ఇప్పుడు తెల్లటి లైటు పలక ఒకటి నిలబెట్టారు. దాని ముందు గ్లాసు, గ్లాసు ముందు కెమెరా, దాని వెనక కంప్యూటరు, ఆ వెనక నేను.

ఎలా పనిచేస్తుందో రాయమన్నారు కదా. గ్లాసులో సోడా పోయగానే కెమెరా అర నిమిషంలో పదిహేనువందల ఫొటోలు తీస్తుంది. కంప్యూటరు ఒక్కో ఫొటోలో ఒక్కో బుడగ చుట్టూ పచ్చటి సున్నా చుడుతుంది. ఎన్ని బుడగలు, ఒక్కోటి ఎంత వెడల్పు, ఎంత వేగంగా పైకొస్తున్నాయి, నురుగు ఎంతసేపు నిలిచింది, అన్నీ లెక్కగట్టి నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది. డెబ్బై దాటితే నేను సంతకం పెడతాను. నా సంతకం పడితేనే ఆ సరుకు గేటు దాటుతుంది.

మీ సూత్రం కూడా దానికి నేర్పాను. గ్లాసు అడుగున ఒకే చోటునుంచి ఒకదాని వెనక ఒకటి వరసగా లేచే బుడగలు ఉంటాయి చూడండి, మొదట్లో అది వాటిని కూడా లెక్కేసుకుని మార్కులు దండిగా ఇచ్చేసేది. "దండ కట్టిన బుడగ సోడాది కాదు, గ్లాసు గీతది, లెక్కలోకి రాదు" అని మీరు నాకు మొదటిరోజే చెప్పారు. అదే రాసి పెట్టాను. ఇప్పుడు దండ కనబడితే కంప్యూటరు ఆ బుడగల్ని లెక్కలోంచి తీసేసి, ఆ ఫొటోని 'చెత్త' అనే చోట పడేస్తుంది. మేనేజరు చాలా మెచ్చుకున్నాడు. మీ పేరు చెబితే మాత్రం మాట మార్చేశాడు.

ఇదంతా ఫోనులో చెబుదామంటే మీ చెవుల్ని ఫిల్లింగ్ మెషీను ఎప్పుడో తినేసింది. అత్తయ్యకు చెబితే సగం మీకు చెప్పి సగం మరిచిపోతుంది. అందుకే ఈ ఉత్తరాలు. నెలనెలా మీకో క్రేటు సోడా వచ్చేలా రాయించాను. సీసాలు నింపే మూడో లైనుది పంపమన్నాను, ఇప్పుడు అన్నిట్లోకీ అదే బాగుంది.

మీ చిట్టి


ఇల్లు
మార్చి 11

చిట్టికి ఆశీస్సులు. మేమిద్దరం క్షేమం.

నా కుర్చీకి కెమెరాను కట్టేశారన్నమాట. మంచిదే. దానికి నడుంనొప్పి రాదు, మధ్యాహ్నం కునుకు రాదు, మేనేజరుతో వాదన పెట్టుకోదు. ఆ చివరిదాని కోసమే తెచ్చుకుని ఉంటారు.

క్రేటు అందింది. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక సీసా ఇద్దరం పంచుకుంటున్నాం. పై సగం నాది, అడుగు సగం మీ అత్తది. నాకు ముక్కులోకి ఎగదన్నే ఘాటు కావాలి, తనకు ఘాటంతా చచ్చాక కావాలి. పెళ్ళయిన నాటినుంచీ ఇదే ఒప్పందం. "మీ ఎంగిలి తాగడానికే నన్ను కట్టుకున్నారు" అంటుంది. అంటూనే సీసా తలకిందులు చేసి చివరి చుక్కదాకా తాగుతుంది.

నా గ్లాసు నేను వచ్చేటప్పుడు తెచ్చేసుకున్నాను. దొంగతనం అంటే అను. ముప్ఫై ఏళ్ళు దానితోనే చూశాను. అడుగున మూడు గీతలుంటాయి, ఒకటి నిలువుగా, రెండు పక్కపక్కన. ఆ మూడు దండలూ నా చేతి గీతల్లా గుర్తు నాకు. ఇప్పుడది అల్మారాలో కూర్చుంది. ఇంట్లో పరీక్షలేముంటాయి, సీసాతోనే తాగేస్తాం.

ఒక్క మాట. బుడగ ఊరికే పుట్టదు. పుట్టడానికి దానికో ముల్లు కావాలి. గీతో, నూలుపోగో, దుమ్మో, ఏదో ఒకటి. నున్నటి చోట బుడగ పుట్టదు. ఈ సంగతి మీ కంప్యూటరుకు చెప్పావో లేదో.

మీ మామయ్య


ల్యాబ్ గది
ఏప్రిల్ 20

మామయ్యకు నమస్కారాలు.

ఈసారి మంచి కబురు. మూడో లైనుకు వరసగా ఆరు వారాలు ఎనభై ఐదు పైనే మార్కులు. లైను వేగం పెంచినా బుడగ చెడలేదని మేనేజరు మురిసిపోతున్నాడు. జులైలో ఒక పెద్ద కంపెనీవాళ్ళు మా కెమెరా పద్ధతి చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే వాళ్ళ ఫ్యాక్టరీలన్నిట్లో ఇదే పెడతారట. అదయ్యాక నన్ను ల్యాబ్‌కు పెద్దని చేస్తానని మాటిచ్చాడు. పదకొండేళ్ళనుంచి ఈ గదిలో గ్లాసులు కడుగుతున్నాను మామయ్యా. ఆ కుర్చీ నాకు కావాలి. మీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను.

చిన్న తలనొప్పి ఒకటుంది. 'చెత్త'లో రోజుకు పది ఫొటోలు పడేవి, ఇప్పుడు నాలుగువందలు పడుతున్నాయి. డిస్కు నిండిందని కంప్యూటరు ఒకటే గోల. పెద్ద డిస్కు కావాలని రాశాను. ఫిట్టరు కూడా మామూలే, మూడో లైనులో సోడా నింపే గొట్టం దిగేటప్పుడు సీసా మూతికి టక్కున తగులుతోందని సణుగుతాడు. ఆయన సణగని రోజు మీకేమైనా గుర్తుంటే చెప్పండి.

అత్తయ్యను అడిగానని చెప్పండి.

మీ చిట్టి


ఇల్లు
మే 2

చిట్టికి ఆశీస్సులు. క్షేమమే.

కుర్చీ సంగతి విని సంతోషించాను. నీకు రావలసిందే. నీ అంత శుభ్రంగా గ్లాసు కడిగినవాళ్ళు నా హయాంలో లేరు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క ముక్క దగ్గర ఆగాను. మీ గ్లాసులు ఎంత పాతవి? వీలు చూసుకుని రాయి.

మీ అత్తకు నెల రోజులుగా కడుపులో మంట. అజీర్తి అంటుంది. అజీర్తికి సోడా మంచిదని ఇంకో రెండు గుక్కలు ఎక్కువే తాగుతోంది. అడుగు సగం కాస్తా ముప్పావు అయ్యింది. నా వాటా తగ్గిందని గొడవ పెడితే నవ్వుతుంది, నవ్వుతూ పొట్ట పట్టుకుంటుంది.

గ్లాసుల సంగతి మరిచిపోకు.

మీ మామయ్య


ల్యాబ్ గది
మే 19

మామయ్యకు నమస్కారాలు.

గ్లాసులు కొత్తవి. వారానికో పెట్టె విప్పుతాం. ఒక్కోటి వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో చూసి మరీ పెడతాం. మీరు నేర్పినట్టే.

మీరు ఏమనుకుంటున్నారో తెలుసు. యంత్రానికి కన్నుంటుంది గానీ చూపుండదు అంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, మీ గ్లాసుకు మూడే గీతలు, మీ లెక్కే లెక్క. కోపం తెచ్చుకోకండి. మీ కన్ను రోజుకు నలభై గ్లాసులు చూసేది, ఇది ఆరువందలు చూస్తుంది. ఒక్కదానికీ కునుకు తీయలేదు.

కంపెనీవాళ్ళు వచ్చేదాకా నాకు ఊపిరి సలపదు. ఈ నెల క్రేటు పంపారు. అత్తయ్యను డాక్టరుకు చూపించండి.

చిట్టి


ఇల్లు
జూన్ 1

చిట్టికి,

నేను క్షేమం. మీ అత్త సంగతి నీకు రాయొద్దని తనే అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని తనకు తెలుసు, అందుకే ఎదురుగా కూర్చుని రాయిస్తోంది. కాబట్టి ఇంతే.

నాకు కోపం రాలేదు. నువ్వన్నది నిజమే, నా కన్ను నలభై గ్లాసులకే అలిసిపోయేది. కానీ ఒక్కటి చెప్పు. కొత్త గ్లాసుకు గీత ఎక్కడినుంచి వచ్చింది?

నా సూత్రం నా గ్లాసు కోసం పెట్టుకున్నది. మూడు గీతలున్న ఒక్క గ్లాసు, ముప్ఫై ఏళ్ళు అదే. దాని దండలు నాకు తెలుసు కాబట్టి వాటిని వదిలేసేవాణ్ణి. ఆ మాట నీకు విడమరిచి చెప్పలేదు. సూత్రం చెప్పి ఊరుకున్నాను. నువ్వు దాన్ని గ్లాసులన్నిటికీ కలిపి రాసేశావు. తప్పు మొదలుపెట్టింది నేనే.

గ్లాసు నున్నగా ఉండి కూడా దండ లేస్తోందంటే, ముల్లు గ్లాసులో లేదు. సోడాలో ఉంది. చెత్తలో పడేసిన ఫొటోలు తెరువు. దండ మొదలు దగ్గర ఏముందో పెద్దది చేసి చూడు. గొట్టం సీసా మూతికి తగులుతోందని ఫిట్టరు అన్నాడన్నావు. ఆయన సణుగుతాడు గానీ అబద్ధం ఆడడు.

వెంటనే చూడు, చిట్టీ.

మామయ్య


ల్యాబ్ గది
జూన్ 14

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. ల్యాబ్ కిటికీకి కొత్త పరదాలు వేశారు, మేనేజరు గదికి కూడా. గేటుకు రంగులు వేస్తున్నారు. వచ్చేవాళ్ళకోసం మా అందరికీ తెల్లకోట్లు కుట్టించారు, నాది భుజాల దగ్గర వదులు. పిన్నులు పెట్టుకుని తిరుగుతున్నాను. మీరు చూస్తే నవ్వుతారు.

మీరు చెప్పినవి చూస్తున్నాను. తొందరపడి ఏదో అనేస్తే తరవాత వెనక్కి తీసుకోలేం. అందరి పనీ ఇందులో ఉంది. ఫిట్టరుకు ఇద్దరు పిల్లలు. అన్నీ సరిచూసుకుని రాస్తాను.

అన్నట్టు, ఈ నెల క్రేటు అందిందా? అందితే విప్పకండి. ఈ బ్యాచి రుచి అంత బాగా కుదరలేదు. అలా పక్కన పెట్టేయండి, వేరేది పంపుతాను.

అత్తయ్య ఎలా ఉంది? డాక్టరు ఏమన్నాడు?

చిట్టి


ల్యాబ్ గది
జూన్ 23

మామయ్యా,

సోడా తాగకండి. మీరూ, అత్తయ్యా, ఒక్క గుక్క కూడా తాగకండి. ఇంట్లో ఉన్న సీసాలు ఎవరికీ ఇవ్వకండి.

మీరు చెప్పినట్టే చెత్తలో ఫొటోలు తెరిచాను. నిన్న చూశాను. ఒక ఫొటో దీంతో పంపుతున్నాను. దండ మొదలు దగ్గర చిన్న మెరుపు ఉంది చూడండి. గాజు పెంకు. మూడో లైనులో వేగం పెంచాక గొట్టం సీసా మూతిని లోపల్నుంచి చెక్కుతోంది. ఆవగింజలో సగం ఉండే పెంకులు. సీసా గాజు, పెంకు గాజు, సోడాలో పడితే కంటికి ఆనవు. బుడగలకే తెలిసింది. బుడగలు చెబుతూనే ఉన్నాయి, నేను తీసి చెత్తలో వేస్తూ ఉన్నాను.

మూడో లైనుకు సంతకం పెట్టడం ఆపేశాను. మేనేజరు గొట్టాలు మార్పిస్తానన్నాడు. బయటికి వెళ్ళిపోయిన సరుకు సంగతి కంపెనీవాళ్ళు వచ్చి వెళ్ళాక చూద్దామన్నాడు. వెళ్ళింది వెళ్ళింది, ఈపాటికి సగం తాగేసి ఉంటారు, ఎవరూ చచ్చిపోలేదు కదా అన్నాడు.

నాకు భయంగా ఉంది మామయ్యా. అత్తయ్య ఎలా ఉందో వెంటనే రాయండి.

చిట్టి


ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా
జూన్ 30

చిట్టికి,

ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరం వంకరగా ఉంటే సర్దుకో.

మీ అత్త పేగుకు చిల్లి పడింది. ఒకటి కాదు, రెండు అన్నారు. రేపు పొద్దున ఆపరేషను. డాక్టరు కాగితం మీద రాసి చూపిస్తే చదువుకున్నాను. మంచిమాట ఏదైనా ఉంటే అదీ రాయమన్నాను. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం పద్దెనిమిదిన అందింది. రుచి కుదరలేదని రాశావు. ముప్ఫై ఏళ్ళు ఆ నీళ్ళతోనే బతికాను, చిట్టీ. మన సోడాకు కుదరకపోవడానికి రుచంటూ ఒకటుంటే కదా. నువ్వు రాయనిది ఏదో ఉందని తెలిసింది. అల్మారాలోంచి నా గ్లాసు తీశాను. ఆరోజు సీసా విప్పి అందులో పోశాను. మూడు దండలూ వాటి వాటి చోట్ల లేచాయి. మధ్యలో నాలుగోది లేచింది. గ్లాసు వంచాను. మూడూ కదల్లేదు. నాలుగోది పక్కకు జారింది. సోడా ఒంపేసి వేలితో అడుగు తడిమాను. వేలికి గుచ్చుకుంది. మీ అత్త పక్కనే నిలబడి చూసింది. వెళ్ళి మంచం మీద కూర్చుంది.

అడుగు సగం ఎప్పుడూ తనదే కదా. పెంకు అడుగుకే దిగుతుంది. ఒక్కటి కూడా నా గొంతులోకి రాలేదు. నేను రాయిలా ఉన్నాను. ఇది నేనెవరికి చెప్పుకోవాలి?

నీ ఇరవై మూడో తేదీ ఉత్తరంలో ఫొటో చూశాను. బాగా తీసింది మీ కెమెరా. కింద కుడి మూలలో తేదీ కూడా వేసింది. నువ్వు నిన్న చూశానని రాశావు. నిన్న అంటే జూన్ ఇరవై రెండు. ఫొటో మూలలో, పెద్దది చేసి అచ్చు వేసిన తేదీ జూన్ ఐదు.

ఈ నెల క్రేటు తొమ్మిదిన వచ్చింది. తొమ్మిదినుంచి పదిహేడుదాకా తొమ్మిది సీసాలు తాగాం. అంతకుముందు తాగినవాటికి నిన్నేమీ అనను, అప్పుడు నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈ తొమ్మిదీ నీకు తెలిశాక తాగినవి. ఐదో తేదీన ఫోను చేస్తే మీ అత్తే ఎత్తేది. నువ్వు చెప్పింది మొత్తం గుర్తుపెట్టుకునేది. నువ్వు ఉత్తరం ఎంచుకున్నావు. అది మూడు నాలుగు రోజులు నడిచి వస్తుందని నీకు తెలుసు.

నిన్ను ఎత్తుకుని పెంచినవాణ్ణి. ఇంతకుమించి తిట్టడం నాకు చేతకాదు.

ఆసుపత్రి కింద కొట్టు ఉంది. అందులో మన సీసాలు మెట్లుమెట్లుగా పేర్చి ఉన్నాయి. మూతలమీద మూడో లైను గుర్తు. కొట్టతనికి చెప్పాను. నవ్వి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. పక్క మంచం ఆవిడ కోడలు ఒక సీసా కొనుక్కుని వస్తే చేతిలోంచి లాగేసుకున్నాను. ఆ పిల్ల ఏడ్చింది. వార్డులో అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు.

నువ్వు ఇక్కడికి రాకు. బయటికి పంపిన సంతకం నీది, వెనక్కి పిలిచే పని కూడా నీదే. ముందు అది చెయ్యి.

మామయ్య


ల్యాబ్ గది
జులై 4

మామయ్యకు,

మీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. నిలబడే చదివాను.

మీరన్నది నిజం. ఐదో తేదీనే చూశాను. మేనేజరుకు అదేరోజు చెప్పాను. ఒక్క నెల ఆగమన్నాడు, ఆ తరవాత కుర్చీ నీదే అన్నాడు. నాకు కుర్చీ కావాలనిపించింది. ఆ తరవాత కూడా పద్దెనిమిది రోజులు సంతకం పెట్టాను, రోజుకు రెండు. ముప్ఫై ఆరు సంతకాలు. ఫిట్టరు పిల్లల కోసమని మీకు రాశాను. అబద్ధం. నాకోసమే.

మీకు ఫొటో పంపేముందు మూలలో తేదీ కత్తిరించమని నాకు నేనే చెప్పుకున్నాను. కత్తెర తీసి బల్లమీద పెట్టాను. చాలాసేపు చూసి మళ్ళీ సొరుగులో పెట్టేశాను. మీరు చూస్తారని తెలుసు. మీరు చూడని మూల ఎప్పుడైనా ఉందా.

నిన్న మధ్యాహ్నం చెత్తలో ఫొటోలన్నీ, ఒక్కటి కూడా తీయకుండా, తేదీలతో సహా డిస్కుకు ఎక్కించాను. నా సంతకాల కాగితాలు దానికి జతచేసి ఆహార తనిఖీ ఆఫీసుకు స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను. రసీదు ఇచ్చే గుమాస్తా, ఇందులో మీ పేరే ఎక్కువసార్లు ఉందండీ అన్నాడు. అవునన్నాను. ఇవాళ పొద్దున వాళ్ళు వచ్చి మూడో లైనుకు సీలు వేశారు. కొట్లలో సరుకు వెనక్కి పంపమని రేడియోలో, టీవీలో చెబుతున్నారు. మీ కింద కొట్టతను ఈపాటికి వినే ఉంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, తెలుసు. పైగా కాలిన చెయ్యి నాది కాదు.

కంపెనీవాళ్ళు రావడం లేదు. మేనేజరు గది తలుపు వేసి ఉంది. నన్ను రేపు విచారణకు పిలిచారు, ఊరు దాటొద్దన్నారు. కెమెరాను మీ కుర్చీలోంచి విప్పి తీసుకెళ్ళిపోయారు. కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోలేదు, నిలబడే రాస్తున్నాను.

ఆపరేషను అయి మూడు రోజులైంది. మీరు ఆసుపత్రి పేరు రాయలేదు. మీ ఊళ్ళో ఉన్న ఆసుపత్రులన్నిటికీ ఫోను చేశాను, రెండు చోట్ల అలాంటి పేషెంటు లేరన్నారు, ఒకచోట నిన్ననే తీసుకెళ్ళిపోయారన్నారు. ఎలా తీసుకెళ్ళారని అడిగాను. అది తమకు తెలియదని ఫోను పెట్టేశారు.

అప్పటినుంచీ ఇంటికి చేస్తున్నాను. నిన్న నాలుగుసార్లు, ఇవాళ తొమ్మిదిసార్లు. మోగుతూనే ఉంది. మీరు ఇంట్లోనే ఉన్నారేమో, ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారేమో. మీకు వినపడదు. ఆ ఇంట్లో ఫోను ఎత్తేది అత్తయ్య కదా.

చిట్టి